కార్టూను పాత్రల పూర్వకథలు - అభిమానుల కల్పనలు: ఔచిత్యవిచారము

వాల్మీకి ఊర్మిళను గూర్చి చెప్పినది మిక్కిలి స్వల్పము. లక్ష్మణుడు అన్నవెంట నడవికేగిన పదునాలుగేండ్లును ఆమె యెట్లు గడపెనో ఆదికావ్యమువలన తెలియరాదు. తెలుగు స్త్రీలు ఈ మౌనమును సహింపలేదు. ఆ పదునాలుగేండ్లును ఆమెను నిద్రబుచ్చిరి. తిరిగివచ్చిన మగడు మేల్కొలుపబోగా పరపురుషుడెవడో చొరబడెనని భ్రమించి ఆమె గద్దించినట్లు పాట కట్టిరి. అంతటితో నూరకుండక, పట్టాభిషేకసభలో నిద్రాదేవి పొడసూపగా లక్ష్మణుడు నవ్వెననియు, ఆ నవ్వు తమ్ము గూర్చినదే యని సభలోనివారు ఎవరిమట్టుకు వారు తలవంచుకొనిరనియు వేఱొక పాట పాడుకొనిరి. మూలకావ్యమున లేని కథలివి. అయినను వీనిని సేకరించుటయు, పాఠములు పోల్చుటయు, విమర్శించుటయు తెలుగుశాఖల పనియేయని నేడెవ్వరును సందేహింపరు. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపదగేయ సాహిత్యము' 1958లో వెలువడిన పిమ్మట అట్టి సందేహమునకు తావు చాలవఱకు తొలగినది.

ఇదే పనిని నేడు వేఱొక సామగ్రితో చేయువారు లోకమంతటను గలరు. వారి సామగ్రి కార్టూను చిత్రములు. ఈ రాజకుమారి తల్లిదండ్రులు ఓడనెక్కి యెచటికి పోవుచుండిరి? ఎన్నడును ఎదుగని ఈ బాలుడు ఎదిగినచో ఏమగును? ఒక సంస్థవారు తీసిన చిత్రమందలి నాయికకు వేఱొక సంస్థవారి నాయకుడు ఎదురుపడినచో ఏమి మాటలాడుకొందురు? ఇట్టి ప్రశ్నలకు అభిమానులు ఊహలు చేయుచున్నారు. ఆ ఊహలను కథలుగా వ్రాయుచున్నారు. మూలమున లేని పూర్వవృత్తాంతమును ఊహించుటను మేము పూర్వకథాకల్పన యనియు, రెండు వేర్వేఱు కథాలోకములను కలుపుటను, ఆంగ్లమున క్రాసోవర్ అనబడుదానిని, కథాసాంకర్యమనియు వ్యవహరించుచున్నాము. సాంకర్యమనుమాట యిచట దోషసూచకము కాదు.

దీనిని పరిశోధనాంశముగా గైకొందుమని విద్యార్థులు అడిగినప్పుడు వారికి లభించు సమాధానము తఱచుగా నవ్వు మాత్రమే. లక్ష్మణదేవర నవ్వువలె ఇదియు పలువురను పలువిధముల తలవంచుకొనజేయుచున్నది. ఈ కల్పనలలో పొల్లు మెండని మేమును అంగీకరింతుము. అయితే పొల్లును గింజను వేఱుచేయుటకు చేట మనయొద్దనే యున్నది. దానిని వాడుటయే మిగిలియున్నది.

ఇందు మొదట గమనింపదగినది అభిమానుల వాదపద్ధతి. అది క్రొత్తది కాదు. 1911లో రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్లపండితుడు ఆక్స్‌ఫర్డులో షెర్లాక్ హోమ్స్ కథలపై ఒక వ్యాసము చదివెను. హోమ్స్ నిజముగా నుండినవాడే యన్నట్లు, ఆ కథలు వేర్వేఱు కర్తృత్వములు గల ప్రాచీనగ్రంథములే యన్నట్లు, తేదీల వైరుధ్యములను చూపి, ప్రక్షిప్తములను నిర్ణయించి, గంభీరముగా నడచినది ఆ వ్యాసము. బైబిలు గ్రంథపరిష్కర్తల పద్ధతికి అది వెక్కిరింత. ఆ వెక్కిరింతయే పిదప ఒక క్రీడ యైనది. నేటి కార్టూను అభిమానులు చేయు ఊహలు ఆ క్రీడకు సంతతియే. అనగా వారు అనుకరించుచున్నది మనలనే. ఒక పద్యమున ఒక కూరగాయ పేరు కనబడినంతనే కవి జన్మస్థలమును నిర్ణయించిన వ్యాసములు మన పత్రికలలో లేకపోలేదు.

పద్ధతి మనది గనుక దాని దోషములును మనకు తెలిసినవే. 2013లో జాన్ నెగ్రోనీ అను అమెరికను రచయిత పిక్సార్ సంస్థవారి చిత్రములన్నియు ఒకే లోకమునకు, ఒకే చరిత్రకు చెందినవని సిద్ధాంతీకరించెను. అందొక భాగము: 2001 నాటి 'మాన్‌స్టర్స్, ఇంక్.' చిత్రమందలి చిన్నపాప 'బూ'యే 2012 నాటి 'బ్రేవ్' చిత్రమందలి మంత్రగత్తె. హేతువేమనగా, ఆ మంత్రగత్తె కుటీరములో ఒక చెక్కపై బూకు నేస్తమైన సల్లీ యను రాక్షసుని రూపము చెక్కబడియున్నది. చెక్కడమున్న మాట సత్యము. కాని ఒక చిత్రమందలి వస్తువును మఱొక చిత్రమున దాచిపెట్టుట పిక్సారు చిత్రకారులకు చిరకాలముగా నున్న సరదా. తొలి 'టాయ్ స్టోరీ'లోని పిజ్జాబండి వారి తరువాతి చిత్రములలో పదేపదే పొడసూపును. అదే మంత్రగత్తె కుటీరములో ఆ బండియు చెక్కబడి యున్నది! కావున హేతువు అన్యథాసిద్ధము. బండి మంత్రగత్తె యెవరైయుండునని యడిగినవారిని మేమింకను చూడలేదు.

'ఫ్లింట్‌స్టోన్స్' (1960-66) శిలాయుగపు కథ కాదనియు, ప్రపంచము నాశనమైన పిదప భవిష్యత్తులో జరిగినదనియు, 'జెట్సన్స్' వారు పైన మేడలలో నుండగా వీరు క్రింద నేలపై నున్నారనియు మఱొక వాదము గలదు. శిలాయుగమువారు క్రిస్మస్ పండుగ చేసికొనుట దానికి సాక్ష్యమట. కాలవిరోధము హాస్యమునకు ప్రాణమైనచోట దానినుండి చరిత్రను పిండరాదు. 1957 నాటి 'మాయాబజార్' చిత్రమున మగపెండ్లివారి విడిదిలో గోంగూర ప్రసక్తి వచ్చినది. దానినిబట్టి ద్వారక గుంటూరు మండలమున నుండెనని ఎవ్వరైన వ్రాసిరా?

ఈ రెండును మేధకు సరదా కలిగించునవే గాని సాహిత్యవిమర్శకు వీనివలన ప్రయోజనము స్వల్పము. ఊహ సత్యమా కాదా యను ప్రశ్నయే వీనియందు ప్రధానము. పాత్రకు ఒనగూడునదేమియు లేదు. సత్యాసత్యములను విడిచి ఔచిత్యమును అడిగినప్పుడు గాని మన పని మొదలు కాదు. దీనికి తగిన ఉదాహరణము 'ఫ్రోజెన్'.

2013లో డిస్నీ సంస్థవారు తీసిన ఆ చిత్రమున అరెండెల్ రాజదంపతులు ఓడపై బయలుదేరి తుపానులో మునిగిపోవుదురు. పెద్దకూతురు ఎల్సాకు పుట్టుకతో మంచు కురిపించు శక్తి గలదు. చిన్ననాడు ఆడుకొనుచు ఆ మంచుతో చెల్లెలు ఆనాను గాయపఱచి, నాటినుండి గదిలో తలుపు మూసికొని బ్రదుకుచున్నది. తల్లిదండ్రులు ఎచటికి, ఏల పోవుచుండిరో చిత్రము చెప్పదు. అభిమానులు దీనిని పట్టుకొనిరి. ఎల్సా పట్టాభిషేకమునకు వచ్చిన జనములో 2010 నాటి 'ట్యాంగిల్డ్' చిత్రనాయిక రపుంజెల్ ఒక్క క్షణము కనబడును. కాబట్టి రాజదంపతులు రపుంజెల్ వివాహమునకు పోవుచుండిరనిరి. మునిగిన ఆ ఓడయే 1989 నాటి 'లిటిల్ మెర్మెయిడ్'లో ఏరియల్ సముద్రగర్భమున వెదకిన ఓడ యనిరి. మఱికొందఱు, ఆ దంపతులు మరణింపక ఆఫ్రికా తీరము చేరిరనియు, అచట పుట్టిన కుమారుడే టార్జాననియు చెప్పిరి. 'టార్జాన్' (1999), 'ఫ్రోజెన్' రెండింటికిని దర్శకులలో ఒకడైన క్రిస్ బక్ 2015లో ఒక సంభాషణమున ఈ టార్జాను మాటను సరదాగా తానును పలికెను. అభిమానులకు అది ఆప్తవాక్యమైనది.

కర్త నోటిమాట కంటె కృతి బలవత్తరము. 'టార్జాన్' చిత్రారంభమున ఓడ తగులబడుచుండును, తుపానులో మునుగదు. శిశువు అప్పటికే తల్లిచేతిలో నుండును. ఇంతకంటె ముఖ్యమైన సమాధానము 2019లో వచ్చిన రెండవ 'ఫ్రోజెన్' చిత్రమున నున్నది. ఆ చిత్రము తెలుగుమాటలతో మన ప్రదర్శనశాలలకును వచ్చినది. అందు అక్కచెల్లెండ్రు తల్లిదండ్రుల ఓడను చూతురు. వారు పోవుచుండినది పెండ్లికి కాదు. ఎల్సాకు ఆ శక్తి యెందులకు కలిగెనో తెలిసికొనుటకు ఉత్తరదిశగా 'అటోహాలన్' అను నదిని వెదకుచు పోయి మరణించిరి. ఎల్సా తనవలననే వారు మరణించిరని కుమిలిపోవును, చెల్లెలు ఓదార్చును.

అభిమానుల ఊహ తప్పైనదని చెప్పుట మా ఉద్దేశము కాదు. వారు ఖాళీని సరిగా గుర్తించిరి. ఆ ఖాళీ కథకు మర్మస్థానమేయని రెండవ చిత్రము రుజువు చేసినది. తేడా నింపిన పదార్థమునందున్నది. పెండ్లికని చెప్పినచో ఆ మరణము దారిలో జరిగిన ప్రమాదము. ఎల్సాకు దానితో పనిలేదు. కూతురికొఱకని చెప్పినచో మూసిన తలుపునకు మఱొక గడియ పడినట్లయినది. మొదటి చిత్రమున తలుపువెనుక నేడ్చిన ఎల్సా మనకు మఱింత బరువుగా కనబడును. మొదటిది ఇరుగుపొరుగు కథల సామాను తెచ్చి గది నింపుట. రెండవది ఆ గదిలోని దుఃఖమునే త్రవ్వి తీయుట.

మన ఆలంకారికులకు ఈ భేదము తెలియును. భారతకథలో దుష్యంతుడు శకుంతలను ఎఱిగియుండియే ఎఱుగనని బొంకెను. కాళిదాసు దుర్వాసశాపమును కల్పించి, ఆ బొంకును మఱపుగా మార్చెను. కుంతకుడు వక్రోక్తిజీవితమున దీనిని ప్రకరణవక్రతకు ఉదాహరించి ప్రశంసించెను. ఆ కల్పన నిలుచుటకు కారణము అది నాయకుని దోషమును కప్పుటయొక్కటే కాదు. శాపము శకుంతల పరధ్యానమునుండి పుట్టినది; ఆ పరధ్యానము ఆమె ప్రేమనుండి పుట్టినది. బయటినుండి తెచ్చిన మునియైనను లోపలి కారణముచేతనే వచ్చెను. పూర్వకథాకల్పనకు ఇంతకంటె మంచి గీటురాయి మాకు దొరకలేదు: కల్పితాంశము పాత్రలోని యే గుణమునుండి పుట్టినది? దానిని చదివి మూలమునకు మరలినప్పుడు మూలము పెరిగినదా, తరిగినదా?

కథాసాంకర్యమున ఈ ప్రశ్న మఱింత కఠినమగును. మన పురాణములలో ఒక కథలోనివాడు మఱొక కథలోనికి నడచుట సులభము, ఏలయన యుగములు ఒకే వరుసలో నున్నవి. హనుమంతుడు చిరంజీవి గనుక సౌగంధికాపహరణమునాడు భీమునికి దారిలో అడ్డుగా పరుండగలడు. జాంబవంతుడు శమంతకమణికొఱకు కృష్ణునితో పోరాడగలడు. వ్యాసభారతమున లేని శశిరేఖకు పెండ్లి చేయుటకును మనకు చిక్కు రాలేదు. కార్టూను లోకములకు ఇట్టి యుగక్రమము లేదు. ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క బ్రహ్మాండము. రెండింటిని కలుపువాడు వంతెనను తానే కట్టవలెను.

పెక్కుమంది కట్టు వంతెన పైపైనిదే. రపుంజెల్, 'బ్రేవ్' నాయిక మెరిడా, డ్రీమ్‌వర్క్స్ సంస్థవారి 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' (2010) నాయకుడు హికప్, అదే సంస్థవారి 'రైజ్ ఆఫ్ ది గార్డియన్స్' (2012) నాయకుడు జాక్ ఫ్రాస్ట్ - ఈ నలుగురను ఒక్క బడిలో చేర్చియో, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఋతువును పంచియో వ్రాసిన కథలు లెక్కకు మిక్కిలిగా నున్నవి. అవి చదువుటకు హాయి. మఱచుటకును అంతే హాయి. కాని ఎల్సాను జాక్ ఫ్రాస్టును జతచేసిన రచనలను అట్లు త్రోసివేయలేము. ఇరువురకును మంచే ఆయుధమనుట పైకి కనబడు పోలిక. లోపలి పోలిక వేఱు. జాక్ మూడువందల యేండ్లు లోకమున తిరిగెను. నమ్మిన పిల్లలు లేకపోవుటచే ఎవ్వరికిని కనబడలేదు. ఎల్సా ఎవ్వరికిని కనబడకుండుటకే తలుపు మూసికొనెను. కనబడగోరినవాడొకడు, కనబడుటకు భయపడినది యొకతె. ఇంకను చూడుడు. జాక్ పూర్వజన్మమున గడ్డకట్టిన చెఱువుపై చెల్లెలిని కాపాడి తాను మంచునీట మునిగి మరణించెను. ఎల్సా మంచుతోనే చెల్లెలిని ప్రాణాపాయమునకు తెచ్చెను. ఒకరి పుణ్యము ఏ చోటనున్నదో మఱొకరి పాపభయము ఆ చోటనే యున్నది. రెండు సంస్థల రచయితలు ఒకరినొకరు ఉద్దేశించి వ్రాయని ఈ సంవాదమును కనిపెట్టినవారు అభిమానులు. వారిలో బహుసంఖ్యాకులు దీనిని వట్టి ప్రేమకథగా ముగించుట విచారకరము; అక్కయొకతె, అన్నయొకడు ఎదురెదురుగా కూర్చుండి చెల్లెండ్రనుగూర్చి మాటలాడుకొనదగిన ఘట్టమది.

మన దగ్గఱి ఉదాహరణమొకటి గలదు. హైదరాబాదునందలి గ్రీన్ గోల్డ్ సంస్థవారి 'ఛోటా భీమ్' 2008 నుండి పోగో ఛానలులో ప్రసారమైనది. ఈ ఢోలక్‌పూర్ బాలుడు పాండవుడు కాడు; పేరు, బలము, తిండిపోతుతనము మాత్రము ఆ భీమునివి, అదియు బండెడన్నమునకు బదులు లడ్డూలతో. ఆ సంస్థవారే ఇతనిని బాలకృష్ణునితో కలిపి చిత్రములు తీసిరి. భారతమున భీముడు కృష్ణునికి మేనత్త కొడుకు. ఈ చిత్రములలో చుట్టఱికము పోయి స్నేహము మాత్రమే మిగిలినది. పేరులో నిద్రించుచున్న బంధుత్వమును మేల్కొలుపు అవకాశము నిర్మాతలు విడిచిరి. ఏ అభిమానియైన చేపట్టిన బాగుండును.

ఇక ముగింపుల మాట. 'డోరేమాన్' మన పిల్లలకు టెలివిజనులో తెలుగున మాటలాడు జపాను పిల్లిబొమ్మ. ఫుజికో ఎఫ్. ఫుజియో అను పేర వ్రాసిన చిత్రకారుడు 1970 జనవరి సంచికలతో దీనిని ప్రారంభించి, స్థిరమైన ముగింపు నీయకయే 1996లో మరణించెను. నోబితా అను సోమరి బాలుడు పరీక్షలో సున్న తెచ్చుకొనుట, భవిష్యత్తునుండి వచ్చిన డోరేమాన్ ఏదో యంత్రమిచ్చి కాపాడుట, ఆ యంత్రమును వాడు దుర్వినియోగము చేయుట - ఈ చక్రము ఆగదు. కాని చూచు పిల్లవాడు పెరుగును. అతనికి ఇరువదియేండ్లు వచ్చునప్పటికి నోబితా ఇంకను అదే తరగతిలో నుండును. ముగింపు కావలెనను కోరిక అచట పుట్టును. మూలము అసంపూర్ణమైనందున కాక, ప్రేక్షకుడు ముందునకు సాగిపోయినందున పుట్టిన కొఱత యిది. ఊర్మిళ విషయమున మౌనము కవిది. ఇచట పెరుగుదల పాఠకునిది. ఈ భేదమును పరిశోధకులు గుర్తింపవలెను.

జపానున రెండు ముగింపులు ప్రచారమునకు వచ్చినవి. నోబితా తెలివితప్పి ఆసుపత్రిలో పడియున్న రోగి యనియు, డోరేమాన్ వాని కల యనియు ఒక వదంతి. ఇట్టి వదంతి లేని ప్రసిద్ధ కార్టూను అరుదు. ఒకరికి రోగము, ఒకరికి మరణము, ఒకరికి ఉన్మాదము. విషాదముండుటచేత దీనికి గాంభీర్యమున్నట్లు తోచును. కాని కల యన్నంతనే యే కథకును ఫలితము లేదు. నోబితా చేసిన తప్పు తప్పు కాదు, డోరేమాన్ స్నేహము స్నేహము కాదు. మూలమును తరుగజేయు కల్పనకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనముండదు.

రెండవది వేఱు. డోరేమాన్ బ్యాటరీ అయిపోవును. మార్చినచో వాని జ్ఞాపకములన్నియు నశించును. జ్ఞాపకములను భద్రపఱచు సాధనము చెవులలో నుండవలసినది. డోరేమానుకు చెవులు లేవు. ఎలుక కొఱికివేసెనని మూలమునందే యున్నది! అంతవఱకు హాస్యముగా నవ్వుకొన్న లోపము ఇచట విషాదమునకు కారణమైనది. దిక్కులేక నోబితా చదువ మొదలిడును. ఏండ్లు గడచి శాస్త్రజ్ఞుడై, తన నేస్తమును తానే బాగుచేయును. లేచిన డోరేమాన్ ఇంటిపని ముగించితివా యని యడుగును. సోమరియైన నోబితాకు చదువవలసిన కారణమొకటి, డోరేమాన్ ఉన్నంతకాలము లేనిది, డోరేమాన్ లేకపోవుటచే కలిగినది. చెవిలేమి యంతటి చిన్న వస్తువునుండి ఇంతటి ఫలమును పండించిన ఈ కల్పనను ఔచిత్యవిచారచర్చ వ్రాసిన క్షేమేంద్రుడు చూచినను కాదనడని మా నమ్మకము.

ఈ కథను ఒక చిత్రకారుడు 2005లో పుస్తకముగా గీసి అమ్మెను. పదివేలకు మించిన ప్రతులు పోయినవి. మూలకర్త గీసినదే యని కొందఱు భ్రమపడునంతగా అది మూలమును పోలినది. ప్రకాశకులైన షోగకుకాన్ సంస్థవారు ఆక్షేపింపగా, 2007లో అతడు క్షమాపణ చెప్పి, లాభములో కొంత చెల్లించెను. ఊర్మిళ పాట కట్టిన ఇల్లాలు వాల్మీకి వారసులకు ఏమియు చెల్లింపనక్కఱలేకపోయెను. భారతదేశమున రచయిత మరణించిన పిదప 60 సంవత్సరములు గడచువఱకు హక్కు నిలుచును; 1928 నాటి తొలి మిక్కీమౌస్ చిత్రము అమెరికాలో అందఱి సొత్తగుటకు 2024 జనవరి 1 వఱకు పట్టినది. సంస్థల హక్కును మేము త్రోసిపుచ్చుట లేదు. కాని దాని ఫలితము పరిశోధకునికి తగులును. ఈ రచనలలో పెక్కు కర్తృనామము లేక, ముద్రణము లేక వెలువడును; ఆక్షేపణ వచ్చినంతనే మాయమగును. తాళపత్రమును చెదలు తినుటకు కొంతకాలము పట్టెడిది. సేకరించువారు తేదీతో, పాఠభేదములతో ఇప్పుడే వ్రాసికొననిచో పోల్చుటకు పాఠములే మిగులవు.

మూలమే లేని పాఠమునకు పుట్టిన ఆగ్రహమును 2020 జూను నెలలో హైదరాబాదు చూచినది. ఛోటా భీమ్ పెద్దవాడై రాజకుమారి ఇందుమతిని పెండ్లాడెననియు, చిన్ననాటినుండి లడ్డూలు పెట్టిన చుట్కీని విడిచెననియు వార్త పుట్టి, చుట్కీకి న్యాయము కావలెనని దేశమంతట అభిమానులు గోలపెట్టిరి. అట్టి కథాభాగము ప్రసారము కాలేదు. పిల్లలుగా 2008లో ఆ బొమ్మను చూచినవారు పండ్రెండేండ్లు పెరిగి పెండ్లియీడునకు వచ్చిరి; వారితోపాటు భీముడును వచ్చెనని తలంచిరి. వారి కోపమున మాత్రము కల్తీ లేదు: పల్లెపిల్లను మఱచి రాజబంధుత్వము కోరిన నాయకునిపై వచ్చిన కోపమది, శకుంతల పక్షమున మనకు వచ్చునదే. అట్టి నాయకుని కాపాడుటకు కాళిదాసు శాపము తేవలసివచ్చెను. గ్రీన్ గోల్డ్‌వారు మాత్రము, ఈ పాత్రలన్నియు ఇంకను పిల్లలేయనియు, పెండ్లి మాట అసత్యమనియు ఒక ప్రకటన చేసి ఊరకుండిరి.